మీటరు మాట, అత్తగారి చెవి

పోయిన వారం మనం ఆగిన చోట కారు మా ఇంటి షెడ్డులో ఉంది, బానెట్ తెరిచి ఉంది, మీటరు పదహారు చూపిస్తోంది. కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను.

నా భర్త ఎడెల్మిరో జూన్‌లో పోయారు. ఆయన వదిలి వెళ్లిన వాటిలో ఒక పాత కరోలా ఉంది, ఇంకా పెట్టె విప్పని ఒక హెడర్ ఉంది. ఇంజిన్ నుంచి వేడి పొగను బయటికి తీసుకుపోయే నాలుగు ఉక్కు గొట్టాలు చివర ఒక్కటిగా కలిసే సామాను అది. దాన్ని గురువారం నా చేతులతో నేనే బిగించాను. మరిది రాడమేస్‌తో నా ఒప్పందం ఇది: శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఇంజిన్ సరిగ్గా నడవాలి. ఆదివారం మా సలీనాస్ ఊరి కార్ల పందెం దారి మీద నేను కనీసం ఒక్క రౌండు గెలవాలి. రెండిట్లో ఏది జరగకపోయినా ఇంజిన్ విప్పి అతను పట్టుకుపోతాడు. నవంబరులో అతని కారు ఇంజిన్ పగిలింది. అతను అడిగాడు, నేను ఒప్పుకున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు.

ఇప్పుడు శనివారం, ఉదయం ఏడు దాటింది.

మీటరు మీద కనిపించే అంకె, పెట్రోలులో గాలి ఎన్ని పాళ్లు కలుస్తోందో చెబుతుంది. గొట్టాలు కలిసే చోట బిగించిన చిన్న ముక్కులాంటి పరికరం పొగను వాసన చూసి ఆ అంకె పంపిస్తుంది. పద్నాలుగు చిల్లర ఉంటే మంచిది. పదహారు అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇంజిన్ ఆకలితో ఉందన్నమాట. అందుకని నిన్నంతా పెట్రోలు పెంచుతూ వచ్చాను. కార్బురేటర్ మరను పావు చుట్టు తిప్పడం, నోటు పుస్తకంలో రాసుకోవడం, మీటరు చూడడం. మళ్లీ పావు చుట్టు. అంకె మాత్రం పదహారు దగ్గరే కూర్చుంది. బళ్లో ఎన్నిసార్లు చెప్పినా ఒక పిల్లవాడు అదే తప్పు జవాబు చెబుతుంటే, నేను అడిగిన ప్రశ్నను ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు. నిన్న ఆ అలవాటు నాకు గుర్తు రాలేదు.

మరను ఇంకో పావు చుట్టు తిప్పాను.

“ఏమే అమ్మాయీ, దాన్ని ముంచి చంపుతావా ఏంటి?”

షెడ్డు పైన వసారాలో మా అత్తగారు బ్రునిల్డా ఒళ్లో సత్తు బేసిన్ పెట్టుకుని కందికాయలు ఒలుస్తున్నారు. జనవరి వచ్చిందంటే ఆవిడ చేతివేళ్లు పచ్చగా ఉంటాయి.

“ముంచడం కాదు అత్తయ్యా, ఆకలితో ఉంది. మీటరు చెబుతోంది.”

“మీటరు చెబుతోందా! ఇక్కడికి నా కళ్లు మండిపోతున్నాయి. కందిగింజలకి కూడా పెట్రోలు వాసన పట్టింది. రేపు ఇవి అన్నంలో వేస్తే, రాడమేస్ తిని చుట్ట వెలిగించాడంటే ఇల్లు లేచిపోతుంది.”

“మీరు లోపల కూర్చోండి కాసేపు.”

“ఎందుకు కూర్చోవాలి? ఇల్లు నాది, కాయలు నావి. దాని గొంతు విను. బొంగురుగా లేదూ? గొంతులో నీళ్లు పడ్డవాడు మాట్లాడినట్టు లేదూ?”

నాకు కోపం వచ్చింది. పన్నెండు గంటలకి ఎవరు రాబోతున్నారో ఆవిడకీ తెలుసు. “అత్తయ్యా, ఇది లెక్క. నాకు అనిపించిందీ మీకు అనిపించిందీ కాదు. పదహారు అంటే పదహారే.”

బేసిన్ పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, ఒక చెయ్యి గోడకి ఆనించుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెడుతూ దిగివచ్చారు. ఎడెల్మిరో పోయిన తర్వాత ఆవిడ షెడ్డులోకి రావడం అదే మొదటిసారి.

“ఆపు దాన్ని. ఒక ప్లగ్గు విప్పు.”

“వేడిగా ఉంది అత్తయ్యా.”

“ఏది, ప్లగ్గా? నీ తలకాయా?”

చేతికి గుడ్డ చుట్టుకుని స్పార్క్ ప్లగ్గు విప్పాను. వెలుతురులోకి తెచ్చి చూస్తే, కొన నల్లగా, తడిగా, మసి పట్టి ఉంది. అడుగంటిన అన్నాన్ని మా ఊళ్లో పోట్లాడుకుని మరీ గీక్కుని తింటాం. ఇది ఎవరూ గీకని అడుగు. ఆకలితో ఉన్న ఇంజిన్ ప్లగ్గు తెల్లగా, ఎండు ఎముకలా ఉంటుంది. సరిగ్గా ఉన్నది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటుంది. ఇది నాకు పుస్తకంలో తెలుసు. చూడడం మాత్రం తోచలేదు.

“అయితే మీటరు అబద్ధం చెప్పిందా?” అన్నాను.

“పాపం దాన్నెందుకు అంటావు? దాని ముక్కుకి ఏ గాలి తగిలిందో అదే చెప్పింది. ఆ గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందని నువ్వు అడిగావా?”

మొక్కలకి నీళ్లు పెట్టే ఆకుపచ్చ రబ్బరు గొట్టం నుంచి ఒక మూరెడు ముక్క కోయించారు. ఇంజిన్ మళ్లీ నడిపించమన్నారు. గొట్టం ఒక కొన చెవికి పెట్టుకుని, రెండో కొన హెడర్ ఇంజిన్‌కి అతుక్కునే అంచు వెంట నెమ్మదిగా జరుపుతూ వెళ్లారు. మొదటి గొట్టం. రెండోది. మూడోది. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది. కళ్లు మూసుకున్నారు. తర్వాత నన్ను వేలితో రమ్మని పిలిచి గొట్టం నా చెవికి పెట్టారు.

టిక్, టిక్, టిక్. ఎవరో రేకు మీద గోటితో కొడుతున్నట్టు.

అక్కడ అంచుకీ ఇంజిన్‌కీ మధ్య సందు ఉంది. పొగ దూసుకుపోయిన ప్రతిసారీ దాని వెనక బయటి గాలి ఆ సందులోంచి లోపలికి పోతోంది. మీటరు ముక్కుకి ఆ గాలి తగులుతోంది. అది ఇంజిన్ వదిలిన గాలేననుకుని మీటరు ‘పెట్రోలు చాలడం లేదు’ అంటోంది. నేను పోస్తున్నాను. కడుపు నిండిన పిల్లకి రెండు రోజులుగా ముద్ద మీద ముద్ద కుక్కుతున్నాను. ఇంకో రోజు ఇలాగే పోసి ఉంటే, ఆ పెట్రోలు లోపలి నూనెను కడిగేసి ఇంజిన్‌ను అరగదీసేది. అప్పుడు రాడమేస్‌కి పట్టుకుపోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను.

“నట్లు ఏ వరసలో బిగించావు?” అని అడిగారు.

“ఒకటి నుంచి ఎనిమిది దాకా.”

“ఎటు నుంచి ఎటు?”

“ముందు నుంచి వెనక్కి. వరసగా.”

ఆవిడ నన్ను చూశారు. పెదవి బిగించారు. తర్వాత ఆపుకోలేక నవ్వారు, భుజాలు కదిలేటట్టు, కారు మీద చెయ్యి ఆనించుకుని. “హాజరు పిలిచావా పంతులమ్మా! ఎనిమిదో వాడు రాలేదే, చూసుకోలేదా?”

జూన్ తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినలేదు. అందుకని నాకు కోపం రావలసినంత రాలేదు.

“మధ్యలోంచి మొదలుపెట్టాలే. ఒకటి ఇటు, ఒకటి అటు. మంచం మీద దుప్పటి ఎలా సర్దుతావు? ఒక కొసనుంచి లాగుతూ పోతే మడతంతా ఎక్కడికి పోతుంది? రెండో కొసకి. ఇదీ అంతే. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించావా?”

“లేదు.”

“ఏం?”

“మొదటిసారే సరిగ్గా బిగించాననుకున్నాను.”

“ఒక్కసారి చెబితే వచ్చేస్తుందా నీ పిల్లలకి?”

లేచి ఇంజిన్ ఆపాను.

ఇనుము చల్లారడానికి గంట పడుతుంది. కాఫీ పెట్టి తెచ్చాను. షెడ్డు గుమ్మంలో ఇద్దరం కూర్చున్నాం. పక్క ఊరు గువాయామా వైపు నుంచి గాలి చల్లగా వస్తోంది. అడగక తప్పలేదు. “అత్తయ్యా, ఇవన్నీ మీకెలా తెలుసు?”

ఆవిడ కాఫీ ఊదుకున్నారు. “శనివారం పొద్దున్న నువ్వెక్కడుండేదానివి?”

“బళ్లో. వెనకబడిన పిల్లలకి లెక్కలు చెప్పడానికి.”

“నేనిక్కడుండేదాన్ని. పైన. ఏవో ఒకటి ఒలుచుకుంటూ. వాడు కింద మర తిప్పేవాడు, పైకి చూసేవాడు. నేను చెయ్యి ఇలా తిప్పితే ఇంకొంచెం. ఇలా తిప్పితే వెనక్కి. నేను చూడ్డం మానేసి కాయ చేతిలోకి తీసుకున్నానంటే చాలని.” మళ్లీ ఊదుకున్నారు. “మీ మామగారు చెరకు తోటల్లో నీళ్ల పంపు నడిపేవారు. అన్నం పట్టుకెళ్లేదాన్ని. దారి మలుపులోనే పంపు గొంతు వినిపించేది. అది సరిగ్గా లేకపోతే ఆయన తినరు, దాని పక్కనే కూర్చుంటారు. అప్పుడు నేను తొందరగా నడిచి లాభం లేదు. సరిగ్గా ఉంటే పరిగెత్తాలి, కూర చల్లారిపోతుంది. ఇరవై రెండేళ్లు అలా మలుపులో నిలబడి విన్నాను. చెవి రాదూ?”

“సలీనాస్ అంతా ఎడెల్మిరోది బంగారు చెవి అనేవారు.”

“చెవి నాది. చెయ్యి వాడిది.”

“ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి? గెలిచొచ్చి నుదుటి మీద ముద్దు పెట్టేవాడు. మూతికున్న గ్రీజంతా నాకు అంటేది. అది చాల్దూ?”

పదకొండేళ్లు కాపురం చేశాను. ఆయన వసారా వైపు తల ఎత్తి చూడడం ఒకటి రెండు సార్లు నేనూ చూశాను. కాఫీ కోసమనుకున్నాను. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకు తెలియనందుకు బాధ కలగాలేమో. కలగలేదు. ఇల్లంతా సర్దేశాక, ఆయన బట్టలున్న అర ఇంకొకటి కనిపించినట్టు అనిపించింది.

“మరి గురువారం నుంచీ చూస్తున్నారు కదా. అప్పుడే చెప్పచ్చుగా?”

“జూన్ నుంచి వీధిలో ఏ కారు గొంతు వినపడ్డా లోపలికి పోయి రేడియో పెట్టుకుంటున్నాను. నువ్వు మొదలుపెట్టావు. రెండు రోజులు ఓర్చుకున్నాను.” గ్లాసు కింద పెట్టారు. “తప్పుగా మోగుతుంటే ఎంతసేపని ఓర్చుకోను?”

హెడర్ విప్పాం. సందు మూయడానికి మధ్యలో పెట్టే పల్చటి రేకు, గాస్కెట్, ఎనిమిదో నట్టు దగ్గర మడత పడి నలిగి ఉంది. పెట్టెలో ఇంకొకటి ఉంది. ఎడెల్మిరో గాస్కెట్లు ఎప్పుడూ రెండేసి తెప్పించేవారు. రెండోదాని కవరు మీద పెన్సిలుతో ఆయన రాత: ‘తొందరపడిన వాడికి.’ అత్తగారికి చూపించాను.

“వాడి గురించి వాడే రాసుకున్నాడు వెధవ,” అని కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈసారి ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని అంకెలు చెప్పారు, నేను బిగించాను. నాలుగు. ఐదు. మూడు. ఆరు. ఆరో నట్టు దగ్గర పానా అర అంగుళానికి మించి తిరగదు. తీసి పెట్టు, తిప్పు, తీసి పెట్టు. నలభై సార్లు లెక్కపెట్టాను. గొట్టాల మీద నా వేలిముద్రలు పడితే వేడికి అవి ఉక్కులో మచ్చలుగా కాలిపోతాయని స్పిరిట్ గుడ్డతో మళ్లీ తుడిచాను. ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపించి, ఆపి, ఇంట్లో ఫ్యాను తెచ్చి చల్లార్చి, మళ్లీ బిగించాను. ప్రతి నట్టూ ఇంకో గోరంత తిరిగింది. ప్రతి నట్టూ.

కార్బురేటర్ మర గురువారం ఎక్కడుందో నోటు పుస్తకంలో ఉంది. అక్కడికి తిప్పాను.

“రాసిపెట్టుకోవడం ఒక్కటీ నువ్వు వాడికంటే బాగా చేశావు,” అని ఆవిడ మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. బేసిన్ మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

ఇంజిన్ నడిపించాను. మర తిప్పాను. తల ఎత్తాను.

అరచెయ్యి ఎడమకి కదిలింది. తిప్పాను. మళ్లీ ఎత్తాను. ఇంకొంచెం ఎడమకి. తర్వాత కుడికి, ఒక్క వేలు మాత్రం. బొంగురు తగ్గింది. చప్పుడు గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి ఎడం సమానంగా వస్తోంది. షెడ్డు రేకుల మీద వేలాడదీసిన పానాలు అదరడం మానేశాయి. తల ఎత్తాను. ఆవిడ నన్ను చూడడం లేదు. ఒక కాయ చేతిలోకి తీసుకుని దాని ముచిక తుంచుతున్నారు.

మీటరు చూశాను. పద్నాలుగు పాయింట్ రెండు. ఎంతుందని ఆవిడ అడగలేదు.

పన్నెండుకి పావుగంట ఉందనగా రాడమేస్ వచ్చాడు. ట్రక్కు వెనక ఇంజిన్ ఎత్తే క్రేను, ముందు సీట్లో వేడి రొట్టెల సంచి. ఇంజిన్ గొంతు విని గేటు దగ్గరే ఆగిపోయాడు. టోపీ తీశాడు.

“అమ్మ కిందికి దిగిందా వదినా?”

“నీకు తెలుసా ఈ సంగతి?”

“తెలీకేం? నా ఇంజిన్ ఎందుకు పగిలిందనుకున్నావు? అన్నకి ఊపిన చెయ్యి నాకు ఊపలేదు.”

“మీ అన్న ఉన్న రోజుల్లో ఊపానురా!” పైనుంచి గొంతు వచ్చింది. “తల పైకెత్తితేగా! ఫోను చూసుకుంటూ మర తిప్పేవాడికి దేవుడు చెయ్యి ఊపినా ఒకటే!”

“సరే తల్లీ, సరే.” రొట్టెలు నా చేతికిచ్చాడు. క్రేను తాళ్లు విప్పలేదు. “సగం గెలిచావు వదినా. ఇంక రేపు. అద్దం మీద ఏం రాస్తావు?”

మా రకం కార్లకి పందెం తీరు ఇలా ఉంటుంది. తన కారు పావు మైలు ఎన్ని సెకన్లలో దాటుతుందో ఎవరికి వాళ్లే ముందుగా తెల్ల బూటు పాలిష్‌తో కిటికీ అద్దం మీద రాయాలి. పక్కపక్కన నిలిచిన రెండు కార్లలో నెమ్మది దానికి ఆ తేడా మేరకు బయలుదేరే పచ్చదీపం ముందు వెలుగుతుంది. రాసిన దానికంటే నెమ్మదిగా వెళితే పక్కవాడు దాటిపోతాడు. రాసిన దానికంటే వేగంగా వెళితే అక్కడికక్కడే ఓడినట్టు. ఎంత వేగమన్నది ఎవరికీ అక్కర్లేదు, మన కారు గురించి మనం చెప్పిన మాట నిలబడాలి. లెక్కలు చెప్పుకునే మనిషిని కనుక ఆ పందెం నాకు మొదటినుంచీ నచ్చేది.

మూసేసిన చక్కెర మిల్లు దారి మీద వంతెన దాకా ఒక్కసారి నాలుగు గేర్లూ మారుస్తూ వెళ్లి వచ్చాను. సీటు వెన్ను నన్ను ముందుకి తోసింది. మూడో గేరులో నాకు తెలియకుండానే నవ్వాను. ఎవరూ చూడలేదు.

తిరిగి వచ్చేసరికి అత్తగారు వసారా కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. “పదమూడున్నర,” అన్నారు, నా గేర్ల చప్పుడు అక్కడి నుంచే విని. “పదమూడు పాయింట్ ఐదు సున్నా. రాసుకో. ఎడెల్మిరో నేను చెప్పిన అంకె వెంట్రుకవాసి కూడా మార్చేవాడు కాదు. అందుకే గెలిచేవాడు.”

“అలాగే అత్తయ్యా.”

పాలిష్ సీసా మూత తీస్తూ రాడమేస్ వైపు చూశాను. ఆవిడకి కనబడకుండా వసారా కిందికి జరిగి నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. చూపుడు వేలొకటి పైకెత్తి చూపించాడు. నాకు అర్థం కాలేదు. దగ్గరికి వచ్చి, కిటికీ తుడుస్తున్నట్టు వంగి, పెదవులు కదిపాడు: “సెకనులో పదో వంతు కలుపు. అన్న ప్రతిసారీ కలిపేవాడు. అమ్మ ఎప్పుడూ పదో వంతు వేగంగా వింటుంది.”

“ఆవిడకి—”

“చెప్పలేదు. ఒక్కసారి కూడా.”

పదమూడు పాయింట్ ఆరు సున్నా. అలా రాస్తే రేపు నిలబడతాను, ఇంజిన్ ఈ కారులోనే ఉంటుంది. అత్తగారు చెప్పింది రాస్తే కారు పదో వంతు వెనకబడుతుంది. మొదటి రౌండులోనే అయిపోతుంది. సోమవారం క్రేను తాళ్లు విప్పుతారు. ఎడెల్మిరోకి ఈ చిక్కు ఎప్పుడూ రాలేదు. పందేలన్నీ ఆదివారాలే, అత్తగారు ఆదివారం చర్చిలో దివ్యపూజ మానరు. ఆయన అద్దం మీద ఏం రాశారో ఆవిడ ఎన్నడూ చూడలేదు. పొరపాటు ఆవిడ దాకా రానివ్వకుండా, గెలుపు మాత్రం తెచ్చి ఇచ్చేవారు.

నేనూ అలాగే చేయవచ్చు. ఇక్కడ ఐదు రాసి, రేపు అక్కడ తుడిచి ఆరు రాయవచ్చు.

“ఇదిగో అమ్మాయీ,” పైనుంచి ఆవిడ అన్నారు, “ఇవాళ సాయంత్రం పూజకే వెళ్లొస్తాను, అది ఆదివారానికీ చెల్లుతుంది. రేపు నేనూ వస్తున్నా మీతో. ఇన్నేళ్లూ చెవితోటే సరిపెట్టుకున్నాను. నా అంకె అద్దం మీద ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లతో చూస్తాను.”

రాడమేస్ వేలు కిందికి దిగింది.

ఒకటి రాశాను. మూడు రాశాను. చుక్క పెట్టాను. ఆవిడ మెట్లు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఏడు నెలల తర్వాత తల దువ్వుకుని, చెవులకి పోగులు పెట్టుకుని ఉన్నారు. ఎప్పుడు పెట్టుకున్నారో నేను చూడలేదు. నేను రాసిన వాటిని చిన్నపిల్లలా వేలితో చూపిస్తూ పైకి చదివారు. “ఒకటి. మూడు. చుక్క.”

పాలిష్ అంచు నుంచి ఒక తెల్లటి బొట్టు అద్దం మీద కిందికి జారుతోంది.

“ఊఁ,” అన్నారు, “తర్వాతది రాయవేం పంతులమ్మా?”